చివరి సైకిలు చేరినదా?

మన టౌన్‌షిప్ యువకులు కొందరు రాబోవు వర్షాకాలంలో బృందంగా దూరపు సైకిలు యాత్ర తలపెట్టినారని, తల్లిదండ్రులు అందుకు సమ్మతించుటకు వెనుకాడుచున్నారని పాఠకులలో చాలామందికి తెలిసియే ఉండును. ఉభయ పక్షాలవారు మా అభిప్రాయం అడిగినారు. యంత్రాలను గురించి, ఇంధన పొదుపును గురించి వ్రాయు ఈ శీర్షికలో సైకిలు యాత్రకు చోటెక్కడిదని ఆక్షేపించువారు ఉండవచ్చును. చుక్క ఇంధనం లేకుండ మనిషిని ఇంత దూరం మోయు యంత్రం మరొకటి లేదు గనుక ఆ ఆక్షేపణ నిలువదు. గాలివానలో పదిమంది కలిసి సైకిలు తొక్కుటను గురించి మాకు తెలిసిన కాస్త కూడ ఖరగ్‌పూర్‌లో, అదియును రైల్వేవారి పరిభాషలో నేర్చుకొన్నదే. కావున ముందుగా ఆ ఊరి సంగతి మనవి చేసెదము.

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టిన పట్టణం. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ పంతొమ్మిదవ శతాబ్దం ముగియుచుండగా అక్కడ జంక్షను నెలకొల్పి, పిదప పెద్ద వర్కుషాపు నిర్మించినది. పని వెదకుకొనుచు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మన వారు రైలెక్కి వెళ్ళి అక్కడే స్థిరపడినారు. మా తాతగారు ఆ విధంగా వెళ్ళినవారే. మథురాకాటీ, నీంపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలలో బెంగాలీ, హిందీలతో సమానంగా తెలుగు వినిపించును. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపునకు ఆమోదం తెలిపినదన్న, ఆ నిర్ణయం వెనుక ఖరగ్‌పూర్ తెలుగువారి సంఖ్యయే ముఖ్య కారణం. బయటివారికి ఆ ఊరు 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం వలన తెలియును. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించువరకు ప్రపంచంలో అంతటి పొడవైనది మరొకటి లేదు. ఊరివారికి మాత్రం ప్లాట్‌ఫారం కంటె వర్కుషాపు గేటు ముఖ్యం. షిఫ్టు వదలగానే ఆ గేటు నుండి వెలువడు సైకిళ్ళ ప్రవాహాన్ని చూచుచు పెరిగినవారము మేము. వరద వచ్చిన కాలువ వలె రోడ్డు నిండిపోయెడిది.

అట్టి ఊరిలో సైకిలు యాత్రలకు ప్రోత్సాహం కావలసిన పని లేదు. అందునా అది బెంగాలు. 1926 డిసెంబరులో బిమల్ ముఖర్జీ అను యువకుడు ముగ్గురు మిత్రులతో కలకత్తా నుండి సైకిలుపై ప్రపంచ యాత్రకు బయలుదేరి, 1937లో తిరిగి వచ్చినాడు. బయలుదేరినది నలుగురు, యాత్ర పూర్తిచేసినది ఆయన ఒక్కడే. ఆ కథ మా పేటలోని బెంగాలీ మిత్రుల నోట వినని పిల్లవాడు లేడు. మా పెద్దలు మాత్రం దానిని మరొక విధంగా చెప్పెడివారు: "నలుగురెల్లి ఒక్కడొస్తే అది రైలు కాదురా, తెగిపోయిన బండి."

ఈ మాటకు వివరణ అవసరం. రైలు చివరి పెట్టె వెనుక ఎల్.వి. అను రెండక్షరాల పలక ఉండును. 'లాస్ట్ వెహికల్', అనగా ఇదే చివరి బండి అని అర్థం. రాత్రివేళ ఎర్ర దీపం వెలుగును. బండి స్టేషను దాటునప్పుడు సిబ్బంది ఇంజనును చూచి తృప్తిపడరు. చివరి పలకను కంటితో చూచిన పిదపనే బండి సంపూర్ణంగా వచ్చినదని వెనుక స్టేషనుకు తెలియజేయుదురు. పలక కనిపించకున్న, ఏవో పెట్టెలు తెగి వెనుక పట్టాలపై ఉండిపోయినవని భావించవలెను. అంతవరకు ఆ భాగంలోనికి మరొక బండిని అనుమతించరాదు. ఇప్పుడు చాలాచోట్ల ఇరుసులను లెక్కించు యంత్రాలు ఆ పని చేయుచున్నవి. గార్డు పదవి పేరు సైతం 2022 జనవరిలో ట్రైన్ మేనేజరుగా మారినది. సూత్రం మాత్రం మారలేదు.

మేము ఈ సంస్థలో చేరిన కొద్ది కాలానికి, 1994లో ఉగాది వెళ్ళిన వారంలో, సెలవుపై ఖరగ్‌పూర్ వెళ్ళియుంటిమి. పేటలోని పదకొండుగురం దీఘా సముద్రతీరానికి సైకిళ్ళపై పోయి రావలెనని నిశ్చయించుకొన్నాము. అప్పటికి దీఘాకు రైలు లేదు. 2004లో గాని రాలేదు. బెల్దా వరకు నాటి 60వ నంబరు జాతీయ రహదారి, అక్కడ నుండి ఏగ్రా మీదుగా సన్నని రోడ్డు, వెరసి నూరు కిలోమీటర్లకు కొంచెము పైమాట. అందరివీ రాడ్ బ్రేకుల నల్లని సైకిళ్ళు. రెండు మూడు ఆసన్‌సోల్ వద్ద తయారైన పాత సెన్-రాలేలు. జట్టులో వర్కుషాపు ఫిట్టర్లు, ఇద్దరు గుమస్తాలు, పందొమ్మిదేండ్ల అప్రెంటిస్ ఒకడు, పదవీ విరమణ చేసిన గార్డు ఒకరు. ఈ చివరి ఆయనను అందరం గార్డు మావయ్య అనెడివారము.

ఆయన పెట్టిన నియమాలు మూడు. ముందు సైకిలు డ్రైవరుది, ఆయనను ఎవరూ దాటరాదు. వెనుక సైకిలు గార్డుది, ఆయన వెనుక ఎవరూ ఉండరాదు. ఎక్కడ ఆగినను, గార్డు వచ్చి తలలు లెక్కించి ఈల వేయువరకు డ్రైవరు కదలరాదు. డ్రైవరుగా మా వీధి ఫిట్టరు అన్నను నియమించినారు. గార్డు తానే. మూడు సెల్లుల టార్చికి ఎర్రని పలుచని కాగితం చుట్టి, సైకిలు వెనుక కట్టుకొన్నారు. జట్టులో అందరికంటె బలంగా తొక్కగలవారు ఆయనే. అరువదేండ్లు దాటినను మమ్ములను అవలీలగా మించెడివారు. అట్టివారు వెనుక ఉండుట మాకు వింతగా తోచినది.

శనివారం ప్రయాణం సుఖంగా జరిగినది. ఆదివారం ఉదయం సముద్రస్నానం, భోజనం ముగించి, ఎండ కొంత వాలిన పిదప మూడు గంటలకు తిరుగు ప్రయాణం ప్రారంభించినాము. సోమవారం ఉదయపు షిఫ్టుకు ఎనమండుగురు హాజరు కావలసియున్నది. రాకున్న ఒక రోజు జీతం పోవును. ఏగ్రా దాటునప్పటికి అయిదున్నర దాటినది. గాలి పూర్తిగా స్తంభించినది. వాయవ్య దిశ, అనగా మేము పోవు దిక్కే, నేరేడు పండు రంగుకు తిరిగినది.

బెంగాలువారు దానిని కాలవైశాఖి అందురు. మార్చి నుండి మే వరకు బంగాళాఖాతం నుండి వచ్చు తేమగాలి నేలను ఆనుకొని వీచుచుండగా, ఛోటా నాగపూర్ పీఠభూమి వైపు నుండి వచ్చు పొడి వేడిగాలి దానిపై కప్పు వలె పరచుకొనును. మధ్యాహ్నపు వేడిమికి క్రింది గాలి ఆ కప్పును ఛేదించుకొని లేచినచో పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున మేఘం నిలుచును. అది ఆగ్నేయంగా కదలి సాయంకాలానికి మైదానం మీదికి వచ్చును. వానచే చల్లబడిన గాలి మేఘం నుండి క్రిందికి కూలి, నేల తాకి, వానకంటె ముందుగా గోడ వలె దూసుకువచ్చును. గంటకు 60 కిలోమీటర్లు సాధారణం, నూరు దాటిన సందర్భాలు కలవు. నిమిషాలలో పది డిగ్రీల వేడి తగ్గిపోవును. మన కోస్తా వారికి తుపాను తెలియును, కాని తుపాను చెప్పి వచ్చును. ఇది చెప్పి రాదు. నేడు వాతావరణ రాడార్లు, పిడుగుల సమాచారమునకు పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారి 'దామిని' యాప్ ఉన్నవి. 1994లో మాకు ఆకాశం మాత్రమే ఉన్నది.

మొదట దుమ్ము, తరువాత గాలి, ఆ వెనుక వడగండ్లు. చీకటి ఒక్కసారిగా క్రమ్మినది. వానకు టైర్లు తడిసి డైనమోలు జారిపోవుటచే దీపాలు ఆరినవి. మా కుడివైపున పొలం గట్టుపై ఒంటరి తాటిచెట్టు కనబడగా ఒకరిద్దరు అటు పరుగిడబోయినారు. వెనుక నుండి ఈల గట్టిగా వినబడినది. చెట్టు క్రింద నిలువరాదని ముందే చెప్పిన సంకేతమది. ఎదురుగాలిలో సైకిళ్ళు నెట్టుకొనుచు, రోడ్డు ప్రక్కనున్న ఒక పక్కా బడి వరండాలోనికి చేరుకొన్నాము. ఫిట్టరు అన్న తలలు లెక్కించినాడు. తొమ్మిది. మరల లెక్కించినాడు. తొమ్మిదే. అప్రెంటిస్ కుర్రవాడు లేడు, గార్డు మావయ్య లేరు.

వానలో మొదటి అరగంట ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. మెరుపునకు, ఉరుమునకు నడుమ క్షణాలు లెక్కపెట్టుచు కూర్చున్నాము. మూడు క్షణాలకు ఒక కిలోమీటరు చొప్పున లెక్క. ఒకానొక సమయంలో రెండు క్షణాల కంటె ఎక్కువ రాలేదు. ఏడు గంటలు దాటిన పిదప వాన సన్నగిల్లగా వాదన మొదలైనది. బెల్దా ఇరవై కిలోమీటర్లుండును, ఇప్పుడు కదిలినచో అర్ధరాత్రికి ఇల్లు చేరి షిఫ్టు అందుకొనవచ్చునని గుమస్తా ఒకరు అన్నారు. "మావయ్య ముప్పయ్యేళ్ళు బండి నడిపినోడు. ఆయనకేటవుద్ది? ఏ లారీయో ఎక్కి మనకంటే ముందు బెల్దాలో ఉంటారు."

ఇది తెలివితక్కువ వాదన కాదని పాఠకులు గమనింపవలెను. ఆ చీకటిలో, ఆ వానలో, ఒక లారీ మమ్ములను దాటిపోయిన మాట వాస్తవమే. అందులో వారు ఉండియుండవచ్చును. ఆనాడు చేతిలో ఫోను లేదు, అడుగుటకు మనిషి లేడు. తడిసిన బట్టలతో మా పండ్లు కొట్టుకొనుచుండెను. ఒక రోజు జీతం అనగా ఆ కుటుంబాలలో కొందరికి వారం రోజుల కూరగాయలు. ఐదుగురు లేచి నిలబడినారు.

ఫిట్టరు అన్న లేవలేదు. సైకిలును వరండా మెట్లకు అడ్డంగా పెట్టి, "ఎల్.వి. రాలేదు. సెక్షను కాళీ అవలేదు. నాను కదల్ను, మీరు నన్ను దాటడానికి రూలు లేదు" అన్నాడు. అంతే. ఇంతకు మించి ఉపన్యాసమేమియు ఇవ్వలేదు. రైల్వే పట్టణంలో పుట్టినవారికి ఆ వాక్యం చాలును. లేచినవారు కూర్చున్నారు, విసుగుకొనుచునే కూర్చున్నారు. ఆఖరి ఉరుము వినబడిన తరువాత అరగంట ఆగి, ఇద్దరిని వెనుకకు పంపినాడు. ఒక్కరిని పంపుటకు ఒప్పుకొనలేదు. ఆ ఇద్దరిలో మేమొకరము.

మూడు కిలోమీటర్లు పోయినాము. విరిగిన కొమ్మలు రోడ్డుపై ఉండుటచే సగం నడక. ఒక మలుపు వద్ద ఎర్రని వెలుగు అటునిటు ఊగుట కనబడినది. గార్డు మావయ్య రోడ్డు అంచున నిలబడి టార్చి ఊపుచున్నారు. పది నిమిషాలకొకసారి వచ్చి ఊపి పోవుచున్నారట. ప్రక్కనే ఒక రైతు ఇల్లు. లోపల కుర్రవాడిని పాత చీరలతో కుట్టిన బొంతలో చుట్టి కూర్చుండబెట్టినారు. వణుకు అప్పటికి కొంత తగ్గినది గాని మాట ఇంకను ముద్దగానే వచ్చుచున్నది. ఆ ఇంటి ఇల్లాలు వేడి పాలు, మరమరాలు పెట్టినది. మా తెలుగు ఆమెకు రాదు, వారి పల్లె బెంగాలీ మావయ్యకు అంతంతమాత్రం. పని జరిగిపోయినది.

జరిగినదేమనగా, కుర్రవాడికి ఉదయం నుండియే ఒళ్ళు వెచ్చగా ఉన్నది. మధ్యాహ్నం అన్నం తినలేదు. నలుగురు నవ్వుదురని ఎవరికీ చెప్పలేదు. వడగండ్లు పడుచుండగా చైను తెగినది, పిలిచినను గాలికి ముందువారికి వినబడలేదు. తడిసిన శరీరం నుండి వేడి పోవు వేగం పొడిగాలిలో కంటె ఎన్నో రెట్లు. నీరు వేడిని ప్రసరింపజేయు శక్తి గాలికంటె సుమారు ఇరవై అయిదు రెట్లు. నలభై డిగ్రీల ఎండలో బయలుదేరినవాడు గంటన్నరలో చలికి కుప్పకూలుట విన్నవారికి నమ్మశక్యంగా ఉండదు. ఖాళీ కడుపు, జ్వరం, తడి నూలుబట్ట, గాలి, ఈ నాలుగూ కలిసినచో వేసవిలోనైనను అది జరుగును. అతని వెనుక ఒక మనిషి లేకున్న ఆ రాత్రి రోడ్డు ప్రక్కనే పడియుండెడివాడు. ఉదయం వరకు ఎవరికీ తెలిసెడిది కాదు.

మేము వెదకుచు వచ్చెదమని మీకెట్లు నమ్మకమని అడిగితిమి. ఆయన ఆశ్చర్యపోయినారు. "డ్రైవరు నన్నొగ్గీసి ఎలా ఎల్తాడ్రా?"

కుర్రవాడిని ఒక టెంపోలో బెల్దా చేర్చినాము. గార్డు మావయ్య వెంట ఎక్కినారు. తెగిన చైను సైకిలును మేము త్రాడు కట్టి లాగుకొని వెళ్ళినాము. అందరం కలియునప్పటికి రాత్రి పదకొండు దాటినది. అప్పటి కంటాయ్ రోడ్డు స్టేషనే నేటి బెల్దా. తెల్లవారుజామున వచ్చిన ప్యాసింజరులో, పదకొండు సైకిళ్ళకు లగేజి రసీదులు తీసికొని, బ్రేకు వ్యానులో ఎక్కించి ఖరగ్‌పూర్ చేరినాము. షిఫ్టు అందినది. యాత్ర ముప్పది అయిదు కిలోమీటర్లు మిగిలిపోయినదని మమ్ములను పేటలో చాలాకాలం ఆటపట్టించినారు.

ఇంజనీరుగా ఒక లెక్క చెప్పక ఉండలేము. నిశ్చలమైన గాలిలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నిటారుగా కూర్చుండి తొక్కువాడు గాలిని చీల్చుటకు వెచ్చించునది సుమారు 25 వాట్లు. 30 కిలోమీటర్ల ఎదురుగాలి వీచినచో, అదే వేగానికి తొమ్మిది రెట్లు, అనగా 225 వాట్లు కావలెను. ఆరోగ్యవంతుడైన సాధారణ వ్యక్తి గంటలకొలది ఇవ్వగలిగినది 75 నుండి 100 వాట్లు. కనుక ఎదురుగాలిలో బలహీనుడు కొంచెము వెనుకపడడు, చాలా వెనుకపడును. ముందు సైకిలు చాటున తొక్కువానికి ఈ భారం మూడవ వంతు వరకు తగ్గవచ్చును. ఒకసారి ఆ చాటు తప్పినచో మరల అందుకొనుటకు అతనికి శక్తి ఉండదు. జట్టు తెగుట ఈ విధంగా జరుగును, ఎవరి దుర్బుద్ధి వలననూ కాదు. వర్షంలో తడిసిన స్టీలు రిమ్ముపై రబ్బరు బ్రేకు మొదటి కొన్ని చుట్లు నీటిని తుడుచుటకే సరిపోవును. అందుచే సైకిళ్ళ నడుమ దూరం పెంచవలెను. దూరం పెంచినచో గాలి చాటు పోవును. ఈ రెంటికీ పొత్తు కుదుర్చు ఉపాయం మాకు ఇంతవరకు దొరకలేదు. వేగం తగ్గించుటయే దారి.

విదేశాలలో ఈ విషయంపై నూరేండ్ల క్రిందటనే రెండు మతాలు ఏర్పడినవి. 1897లో ఇటలీలో కొందరు రోము నుండి నేపుల్స్ వరకు ఒక్క పగటిలో సైకిలు తొక్కి, సాహసికులను అర్థంలో 'ఆడాక్స్' అనిపించుకొన్నారు. 1904లో అది ఫ్రాన్సు చేరినది. అక్కడి తొలి పద్ధతిలో జట్టంతయు రోడ్డు కెప్టెను వెనుక ఒకే నిర్ణీత వేగంతో పోవలెను. 1921 నుండి ఎవరి వేగంతో వారు పోవు పద్ధతి వేరుపడినది. నేడు మన దేశంలో బ్రెవే పేర జరుగునవి రెండవ రకం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు గడువు. ఈ పద్ధతికి శిఖరం పారిస్-బ్రెస్ట్-పారిస్, 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా 90 గంటలు. 2007లో అక్కడ రేయింబవళ్ళు వాన కురియగా, బయలుదేరిన అయిదువేల పైచిలుకు మందిలో దాదాపు మూడవ వంతు విరమించుకొన్నారు. వారందరు ఎంతో సాధన చేసి, అర్హత యాత్రలు పూర్తి చేసి వచ్చినవారే.

బ్రెవే పద్ధతి చెడ్డదని మేము అనము. అనుభవజ్ఞులకు, మజిలీలలో కార్యకర్తలున్న చోట అది తగినదే. మన యువకులు పోవునది మొదటిసారి, మజిలీలలో ఎవరూ ఉండరు. వారికి పాత పద్ధతియే తగును.

తల్లిదండ్రులకు మేము చెప్పినది ఇది. వాన వచ్చునను కారణంగా యాత్రను మాన్పింపవలదు. పిడుగుల హెచ్చరిక ఉన్ననాడు మాత్రం తప్పక మాన్పింపుడు. రబ్బరు టైర్లు పిడుగు నుండి కాపాడునన్నది వట్టి అపోహ. మెరుపునకు, ఉరుమునకు నడుమ ముప్పది క్షణాల కంటె తక్కువ ఉన్నచో పక్కా భవనంలోనికి పోవలెను, చివరి ఉరుము తరువాత అరగంట కదలరాదు. ప్రతివాని వద్ద ప్లాస్టిక్ సంచిలో ఒక జత పొడిబట్టలు, కొంత బెల్లం లేక వేరుశనగ ఉండవలెను. బయలుదేరు ముందు ప్రతివానిని, విడిగా పిలిచి, ఒంట్లో ఎట్లున్నదని అడుగవలెను. నలుగురిలో అడిగినచో నిజం చెప్పరు. రైలు గాని బస్సు గాని దొరకు చోట్లు ముందే గుర్తించి వ్రాసికొనవలెను.

యువకులకు చెప్పినది ఇంకను చిన్నది. వెనుక సైకిలు ఎవరిదో నిర్ణయించి, ఆ పేరు మాకు తెలియజేయుడన్నాము. ఆ మనిషి మీలో అందరికంటె బలవంతుడై ఉండవలెనని కూడ చెప్పితిమి. ఇది జరిగి పది రోజులైనది. ముందు నడచువాని పేరు మాత్రం వెంటనే చెప్పిపోయినారు.